పెరట్లో పూసే చరిత్ర

ఆశ్వయుజం వచ్చేసరికి మన గూడేల రంగు మారిపోతుంది. వానలు వెనకపట్టు పడతాయి. పెరటి దడి మీద చిక్కుడు తీగ ఊదా పూలు పూస్తుంది. సొర పాదు తెల్లగా, గుమ్మడి పాదు పసుపుగా విచ్చుకుంటాయి. బాట పక్కన తంగేడు, చేలో గునుగు, ఇంటి ముందు బంతి. అరకు, పాడేరు వైపు కొండవాలులు వలిసె పూలతో పసుపెక్కుతాయి. ఆదిలాబాదు అడవి అంచుల్లో సీతాఫలాలు కళ్లు తెరుస్తాయి. చోళ్లు, సామలు కోతకొస్తాయి. గోండు గూడేల్లో దండారి మొదలవుతుంది, గుస్సాడీలు నెమలి పింఛాల టోపీలు బయటికి తీస్తారు.

ఈ రంగులన్నీ మనం ఏటా చూసేవే. వాటి వెనక ఉన్న చరిత్రను మాత్రం బడిలో ఎవరూ చెప్పలేదు. రాజులకు శాసనాలున్నాయి, దొరలకు దస్తావేజులున్నాయి. ఆదివాసీకి రాతలో మిగిలింది తక్కువ. అయితే మన పెరట్లో, పోడులో, దడి మీద ఉన్న ప్రతి మొక్కకూ ఒక పుట్టిల్లు ఉంది, అది ఇక్కడికి చేరిన దారి ఉంది, దానికి మనం పెట్టుకున్న పేరు ఉంది. ఆ మూడింటినీ కలిపి చదివితే మన ప్రాంత చరిత్రలో చాలా భాగం తెలుస్తుంది.

ఆకురాలు కాలం ఎవరిది?

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. ఇంగ్లీషు పాఠాల్లో ‘ఆటమ్’ అనే ఋతువు వస్తుంది. ఆ కాలంలో ఆకులు ఎర్రబడి, పసుపెక్కి రాలిపోతాయని చదువుతాం. పిల్లలు కూడా అక్కడి మేపుల్ ఆకు బొమ్మ గీసి ఎర్ర రంగు వేస్తారు. కిటికీ బయట చూస్తే మన చెట్లన్నీ ఆ నెలల్లో పచ్చగా ఉంటాయి. పుస్తకం తప్పు కాదు, చెట్టూ తప్పు కాదు. ఆ పుస్తకం చెప్పేది చలి దేశాల సంగతి.

ఆ దేశాల్లో సెప్టెంబరు దాటాక పగలు కురచనవుతుంది, చలి ముదురుతుంది. నీళ్లు గడ్డకట్టే కాలంలో లేత ఆకును నిలబెట్టుకోవడం చెట్టుకు భారం. అందుకని ఆకులోని పచ్చదనాన్ని విరగ్గొట్టి, అందులోని సత్తువను కాండంలోకి లాగేసుకుంటుంది. పచ్చదనం పోయాక అడుగున అంతవరకు దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. కొన్ని జాతుల్లో ఆ సమయంలోనే కొత్తగా ఎరుపు కూడా తయారవుతుంది. ఆ తర్వాత ఆకు రాలుతుంది.

మన అడవిలో చెట్టుకు చలి భయం తక్కువ, దప్పిక భయం ఎక్కువ. వానలు ఆగి నాలుగైదు నెలలయ్యాక నేల ఎండుతుంది. ఆకు ఉంటే నీరు ఆవిరై పోతూనే ఉంటుంది. అందుకే టేకు, మోదుగ, ఇప్ప లాంటివి మాఘ ఫాల్గుణాల నుంచి ఆకు వదిలేస్తాయి. ఆకులేని మోదుగ కొమ్మలు నిప్పు రంగు పూలతో నిండుతాయి. ఇప్ప పూలు రాలుతున్న రోజుల్లోనే దాని కొత్త చిగురు రాగి రంగులో వస్తుంది. అంటే మన ఆకురాలు కాలం శిశిరం. మన శరత్తు పూలది, కాయలది, గింజలది. ‘ఆటమ్’ను ఒకచోట శరదృతువు అని, మరోచోట ఆకురాలు కాలం అని అనువాదం చేయడంతో రెండు వేర్వేరు కాలాలు కలిసిపోయాయి. ఉపాధ్యాయులు ఈ తేడాను చెట్టు కింద నిలబెట్టి చూపిస్తే పిల్లలకు రెండు దేశాలూ అర్థమవుతాయి.

పుట్టిల్లు ఎక్కడ?

ఇప్పుడు పెరట్లోకి వద్దాం. అక్కడున్న వాటిలో ఏది ఈ నేలలో పుట్టింది?

కందితో మొదలుపెట్టాలి. కార్తీకంలో పోడు చేలో కంది పసుపు, ఎరుపు చారల పూలు పూస్తుంది. ఈ పంటకు దగ్గరి చుట్టమైన అడవి కంది ఇప్పటికీ బస్తర్, ఒడిశా, తూర్పు కనుమల అడవుల్లో కనిపిస్తుంది. దాన్ని ఆధారం చేసుకునే శాస్త్రవేత్తలు కంది పంటకు పుట్టిల్లు మధ్య, తూర్పు భారత ప్రాంతమని చెబుతున్నారు. ఈనాడు కందిని ఆఫ్రికా దేశాల్లో, కరీబియన్ దీవుల్లో కూడా తింటున్నారు. దాని పుట్టిల్లు గోండులు, కోయలు, కొండరెడ్లు, కువి మాట్లాడే కొందులు బతుకుతున్న కొండల వరుసలోనే ఉంది. అడవి తీరును ఎరిగి, మంచి గింజను ఏరి, మళ్లీ విత్తిన చేతులు లేకుండా అడవి మొక్క పంట కాదు. ఆ చేతుల పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. కంది ఉండటమే వాటికి సాక్ష్యం.

తంగేడు కూడా ఈ నేల మొక్కే. మేకలు పెద్దగా ముట్టవు, ఎండకు చావదు, రాతినేలలోనూ బతుకుతుంది. బతుకమ్మలో మొదటి వరస దానిదే. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర పుష్పం అయింది. ఈ పసుపు పూల వెనక ఒక వ్యాపార చరిత్ర కూడా ఉంది. తంగేడు బెరడుతో తోలు పదును చేస్తారు. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రాష్ట్రం నుంచి ఓడలెక్కి ఇంగ్లండు వెళ్లిన తోళ్లలో ఎక్కువ భాగం ఈ బెరడుతో పదును చేసినవే. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెట్టు బెరడు దిగుమతి కావడంతో తంగేడు గిరాకీ తగ్గింది. బెరడు ఒలిచి మోసుకొచ్చిన పేదల కూలి లెక్కలు ఆ వ్యాపార చరిత్రలో ఎక్కడా పెద్దగా కనిపించవు.

ఇక వలిసెలు. కార్తీకంలో అరకు లోయ చూడటానికి వచ్చేవాళ్లు ఈ పసుపు చేలలో నిలబడి ఫొటోలు దిగుతారు. వాళ్లకు అది పూలతోట. పండించేవాళ్లకు అది నూనె గింజ. ఈ మొక్క పుట్టిల్లు ఇథియోపియా కొండలు. చాలా పాత కాలంలోనే సముద్రం దాటి మన దేశం చేరింది. మనం అంబలి కాచుకునే చోళ్లు కూడా తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రదేశాల్లోనే మొదట పంటగా మారాయి. అక్కడి కొండజాతుల గింజ ఇక్కడి కొండజాతుల చేతికి వచ్చి, వేల ఏళ్లు మన చేలలో పండి, మన పండుగల్లో కలిసిపోయింది.

బంతి పువ్వు సంగతి మరీ ఆశ్చర్యం. పండుగ గుమ్మానికి బంతి తోరణం లేకపోతే మనకు వెలితిగా ఉంటుంది. దాని పుట్టిల్లు మెక్సికో. పదహారో శతాబ్దం తర్వాత పోర్చుగీసు ఓడల కాలంలో ఇటు వచ్చింది. మెక్సికో ఆదివాసుల నహువాత్ల్ భాషలో దాని పేరుకు ‘ఇరవై పూలు’ అని అర్థం, రెక్కలు చాలా ఉంటాయని అలా పిలిచారు. అక్కడ ఏటా నవంబరు మొదటి రెండు రోజుల్లో చనిపోయిన పెద్దలను తలుచుకుంటారు. సమాధుల మీద, ఇళ్లలో, దారి పొడవునా బంతి పూలు పరుస్తారు. ఆ రంగు, ఆ వాసన పట్టుకుని పెద్దల ఆత్మలు ఇంటికి వస్తాయని నమ్మకం. మనకు కూడా పెద్దలను కొలిచే ఆచారం ఉంది, కొత్త పంట మొదట వాళ్లకే పెడతాం. భూగోళానికి అటు పక్క ఆదివాసీలు, ఇటు పక్క ఆదివాసీలు ఒకే కాలంలో ఒకే పువ్వును చేతికెత్తుకుంటున్నారు.

మిరప, మొక్కజొన్న, గుమ్మడి, సీతాఫలం కూడా అమెరికా ఖండాల ఆదివాసుల పెంపకం నుంచి వచ్చినవే. సీతాఫలం ఎంతగా మనదైపోయిందంటే దానికి సీత పేరే పెట్టుకున్నాం. శరత్తులో తట్టల నిండా ఏరి సంతకు తీసుకెళ్లే ఆదివాసీ స్త్రీకి అది నాలుగు రూపాయల ఆసరా.

పేరులో దాగిన దస్తావేజు

వచ్చిన మొక్కలన్నీ ఇలా చుట్టాలు కాలేదు. ఏది ఎలా వచ్చిందో మన పెద్దలు పేరులోనే రాసిపెట్టారు. ‘సీమ’ అని ముందు ఉంటే పరాయి దేశం నుంచి వచ్చిందని గుర్తు. సీమచింత మెక్సికో వైపు చెట్టు. చింతకాయలా వంకర తిరిగిన కాయ కాబట్టి చింత అన్నారు, బయటిది కాబట్టి సీమ చేర్చారు.

అన్నిటికంటే సూటైన పేరు సర్కారు తుమ్మ. దీన్నే కొన్నిచోట్ల ఇంగ్లీషు తుమ్మ అంటారు. మన నల్లతుమ్మ వేరు, ఇది వేరు. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. మద్రాసు రాష్ట్ర అటవీ అధికారిగా పనిచేసిన బెడ్డోమ్ దీని విత్తనాలు తెప్పించాడు. 1870ల చివర్లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించారు. మెట్ట నేలల్లో వంట చెరకు దొరుకుతుందని ఉద్దేశం. చెరకు దొరికింది, బొగ్గు కాల్చుకునేవాళ్లకు పని దొరికింది. దాంతోపాటు చెరువు గర్భాలు, పశువుల బీళ్లు ముళ్లకంపతో మూసుకుపోయాయి. నాటింది ఎవరో ఊళ్లవాళ్లు మర్చిపోలేదు. సర్కారు తెచ్చింది కాబట్టి సర్కారు తుమ్మ. ఒక్క మాటలో అటవీ శాఖ చరిత్ర ఉంది.

సామర్లకోట నుంచి కలకత్తా దాకా

పేర్లు మన దగ్గర నుంచి బయటికి కూడా వెళ్లాయి. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 దాకా గోదావరి దగ్గర సామర్లకోటలో ఉన్నాడు. చుట్టుపక్కల మైదానాల మొక్కలను, కొండల మొక్కలను సేకరించి, ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. వాటిలో 300 చిత్రాలు కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాల్లో లండన్‌లో అచ్చయ్యాయి. మొక్కలకు ఇక్కడి జనం పలికే తెలుగు పేర్లను అతను నమోదు చేసుకున్నాడు. సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని స్థానిక వాడుక. ఖరీదైన సింకోనా బెరడుకు బదులు ఇది పనికొస్తుందేమోనని కంపెనీకి ఆశ పుట్టింది. తర్వాతి కాలంలో వృక్షశాస్త్రం ఆ చెట్టుకు ‘సోయిమిడా’ అని పేరు పెట్టింది. అది మన సోమిదే. ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రవేత్త అయినా ఆ చెట్టు పేరు చెప్పాలంటే తెలుగు మాట పలకాల్సిందే.

ఆ పుస్తకాల మీద రాక్స్‌బర్గ్ పేరుంది. గీసిన చేతుల పేర్లు దాదాపు లేవు. చెట్టు చూపించినవాళ్ల పేర్లు, బెరడు వాడకం చెప్పినవాళ్ల పేర్లు అసలే లేవు. జ్ఞానం ఒకరిది, పేరు ఇంకొకరిది కావడం ఆనాటితో మొదలైంది కాదు, ఆనాటితో ఆగలేదు కూడా.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా దగ్గర శిబ్‌పూర్‌లోని కంపెనీ తోటకు అధిపతిగా వెళ్లాడు. 1787లో మొదలైన ఆ తోట ప్రపంచం నలుమూలల మొక్కలను తెచ్చి పెంచే కేంద్రం. అమెరికా ఉష్ణమండలం నుంచి లాంటానా అనే పూలపొద కూడా 1809 ప్రాంతంలో ఆ తోటకు చేరింది. ఒకే గుత్తిలో పసుపు, గులాబీ, ఎరుపు పూలు పూస్తుంది. దొరల బంగళాల చుట్టూ కంచెగా అందంగా ఉంటుందని ముచ్చటపడ్డారు. కొన్నిచోట్ల మనవాళ్లు పులికంప అనేది దీన్నే.

ఆ ముచ్చట ఎక్కడికి వచ్చిందో అడవికి వెళ్లేవాళ్లందరికీ తెలుసు. పక్షులు దాని పండ్లు తిని గింజలను అడవంతా చల్లాయి. ఆకు పశువులకు విషం, కాబట్టి మేత వల్ల తగ్గదు. నరికితే మొదలు నుంచి మళ్లీ లేస్తుంది. దాని కింద గడ్డి మొలవదు, ఉసిరి, ఇప్ప మొలకలు ఎదగలేవు. గడ్డి లేకపోతే జింకకు మేత లేదు, మనకు గొడ్ల మేత లేదు, దుంపలు తవ్వుకోవడానికి దారి లేదు. తోటలో రంగు కోసం తెచ్చిన మొక్క అడవిలో ఇంకెవరి రంగూ లేకుండా చేసింది.

నిప్పు, ఆకు, చట్టం

లాంటానా ఇంతగా పెరగడానికి మొక్క స్వభావం ఒక్కటే కారణమా? కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల సోలిగ ఆదివాసుల అనుభవం ఇక్కడ వినాలి. ఎండాకాలం మొదట్లో, రాలిన ఆకు పలచగా ఉన్నప్పుడే, చిన్న నిప్పు పెట్టడం వాళ్ల పాత పద్ధతి. దాన్ని తరగు బెంకి, అంటే ఎండుటాకుల నిప్పు అంటారు. మంట నేలను రాసుకుంటూ పోయేది. లాంటానా మొలకలు కాలిపోయేవి, పెద్ద చెట్లకు హాని ఉండేది కాదు. 1974లో ఆ కొండలను అభయారణ్యం చేశాక నిప్పు నిషేధమైంది. ఆ తర్వాతే లాంటానా అడవిని కమ్మేసిందని సోలిగలు చెబుతారు. శాస్త్రవేత్తలు వాళ్లతో కలిసి పరిశోధన చేసి ఆ వాదనను అచ్చు వేశారు. అటవీ హక్కుల చట్టం కింద 2011లో సోలిగలకు ఆ అడవిపై సామూహిక హక్కులు దక్కాయి. మలెమహదేశ్వర కొండల్లో ఆదివాసులు లాంటానా కట్టెతోనే కుర్చీలు, బల్లలు చేసి అమ్ముతున్నారు.

మన వైపు కథ కూడా ఈ దారిలోనే నడిచింది. 1878 అటవీ చట్టం, 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు నేరమైంది, అడవిలో నిప్పు నేరమైంది. 1879 రంప పితూరీకి చిగురు పన్నుతో పాటు అడవి మీద ఆంక్షలు కారణం. 1922 నుంచి 1924 దాకా మన్యంలో అల్లూరి వెంట నడిచినవాళ్లకు, 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌తో నిలబడినవాళ్లకు అడవి మీద హక్కే ప్రధానం. ఈ పోరాటాలను మనం వీరుల కథలుగా చెప్పుకుంటాం. ఏ మొక్క ఉండాలో, ఏది పోవాలో నిర్ణయించే అధికారం ఎవరిదన్న ప్రశ్న కూడా వాటిలో ఉంది. స్వాతంత్ర్యం తర్వాత మిశ్రమ అడవి స్థానంలో ఒకే వరసలో లేచిన టేకు తోటలు, భద్రాచలం, ఖమ్మం వైపు పరుచుకున్న జామాయిల్ తోటలు ఆ ప్రశ్నను అలాగే మిగిల్చాయి.

ఏది మనది?

ఇంతవరకు చూసినదాన్ని కలిపితే ఒక విషయం తేలుతుంది. బయట పుట్టిన ప్రతి మొక్కా శత్రువు కాదు. అలా అనుకుంటే చోళ్ల అంబలి, మిరపకాయ, బంతి తోరణం అన్నీ వదులుకోవాలి. ఇక్కడి జనం చేత్తో అందుకుని, తినేదిగా, పూజించేదిగా, విత్తనం దాచుకునేదిగా చేసుకున్నవి పక్కవాటిని బతకనిచ్చాయి. కంది పక్కన చోళ్లు, చోళ్ల మధ్య సామలు, గట్టున బంతి కలిసి ఉంటాయి. జనాన్ని అడగకుండా తెచ్చినవి, జనం చేతిలోని నిప్పునూ కొడవలినీ ఆపేశాక పెరిగినవి అడవిని మింగాయి.

మన పండుగలు ఈ తేడాను ఎప్పుడో గుర్తించాయి. కొత్తల పండుగ చేసేదాకా కొత్త పంటను ముట్టం. చిక్కుడు కొత్త కాకుండా చిక్కుడు, కంది కొత్త కాకుండా కంది తినం. దేవతకు, పెద్దలకు పెట్టాకే మనం తింటాం. ఆ ఆగడంలో కాయ ముదురుతుంది, విత్తనం నిలుస్తుంది. పండుగ తేదీ ఊరంతా కలిసి పెట్టుకునేది కాబట్టి ఎవరూ ముందే కోసి విత్తనం పోగొట్టరు.

ఇప్పుడు ప్రమాదం మొక్కకంటే పేరుకు ఎక్కువ. ఆశ్రమ పాఠశాలల్లో చదివే పిల్లలు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంటికి దూరంగా ఉంటారు. కార్తీకంలో చేలో ఏది పూసిందో చూసే అవకాశం వాళ్లకు లేదు. బడి ఆవరణలో క్రోటన్ మొక్కలు వరసగా ఉంటాయి, కంచె అవతల ఉన్న పొదకు గోండీలో, కోయలో, సవరలో, కొలామీలో ఏమంటారో చెప్పేవాళ్లు ఉండరు. పేరు పోతే దాని వాడుక పోతుంది. వాడుక పోతే దాన్ని కాపాడాలన్న పట్టింపు కూడా పోతుంది.

దీనికి మందు మన చరిత్రలోనే ఉంది. 1943లో మార్లవాయిలో హైమండార్ఫ్ ఆధ్వర్యంలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైనప్పుడు గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు రాశారు. మన భాషలో పాఠం రాయవచ్చని అవి నిరూపించాయి. చట్టం కూడా తోడుంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యం మీద, దానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఇస్తోంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో కమిటీ ఉండాలి, ఊరి జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. చాలాచోట్ల ఆ రిజిస్టరును బయటివాళ్లు వచ్చి రాసి వెళ్తున్నారు. మన బడిపిల్లలు, మన అవ్వలు కలిసి రాస్తే అందులో మన పేర్లు ఉంటాయి.

పని చిన్నది. ఒక పెద్ద నోటు పుస్తకం చాలు. ఆశ్వయుజం నుంచి కార్తీకం దాకా వారానికి ఒకరోజు పిల్లలను ఒక పెరటికి, ఒక చేనుకు, ఒక అడవి అంచుకు తీసుకెళ్లండి. ప్రతి మొక్కకు ఆరు గళ్లు గీయండి: మాతృభాషలో పేరు, తెలుగు పేరు, ఏ నెలలో పూస్తుంది, దేనికి వాడతాం, పుట్టిల్లు ఎక్కడ, ఈ సంగతి చెప్పిన మనిషి ఎవరు. చివరి గడిని ఖాళీగా వదలొద్దు. రాక్స్‌బర్గ్ గ్రంథంలో ఖాళీగా మిగిలిపోయింది అదే. చెప్పిన అవ్వ ఒప్పుకుంటేనే ఆమె పేరు రాయండి, మందుల రహస్యం చెప్పడం ఇష్టం లేదంటే ఆ గడిలో గీత పెట్టండి. పుస్తకం ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి గ్రామసభ దగ్గర ఉండాలి.

బడి ఆవరణలో క్రోటన్ల పక్కనే ఒక మడి తవ్వి కంది, చోళ్లు, తంగేడు, చిక్కుడు వేయండి. గట్టున బంతి కూడా ఉండనివ్వండి. మెక్సికో ఆదివాసుల పువ్వు అని పిల్లలకు చెప్పండి. విత్తనం ముదిరాక ఊళ్లో కొత్తల పండుగ ఏ రోజున పెట్టుకున్నారో అడిగి, ఆ రోజు దాకా ఆగి, ఆ తర్వాతే కోయండి.